లిడియా తమ్ముడి కుడికన్ను

లిడియాను చూసినవాళ్ళందరూ "ఎంత ఓర్పమ్మా నీకు" అంటారు. ఆమెకు ఓర్పు లేదు. ఉన్నది నిద్ర చాలకపోవడం. దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిదానికి చెప్పదు, ముఖంలో ఏదీ కదలదు. దీన్ని జనం దైవభక్తి అనుకుంటారు.

నలభై దాటిన మనిషి. చిలకలూరిపేట దారిలో ఉన్న పత్తి జిన్నింగు మిల్లులో పని. గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడే యంత్రాలకు పత్తి అందించడం, అందులో వచ్చే కాయతొక్కలూ పుల్లలూ ఏరెయ్యడం. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముడి బాధ్యత ఆమె మీద పడిందంటారు గానీ, అది నిజం కాదు. తల్లి ఉన్నప్పుడూ ఆమె మీదే ఉంది. అప్పుడెవరూ గమనించలేదు, అంతే.

తమ్ముడు ప్రకాష్. ముప్పై పైబడ్డవాడు, మాట్లాడడు. ఆటిజం అనే మాట ఆ ఇంటికి చాలా ఆలస్యంగా, పింఛను కోసం వెళ్ళిన వికలాంగుల సదరం క్యాంపులో ఒక డాక్టరు నోటి నుంచి వచ్చింది. అప్పటిదాకా ఊళ్ళో అతనికి వేరే పేర్లుండేవి. ఇప్పుడూ ఉన్నాయి. మిల్లులో మాత్రం అతని పేరు ఇన్‌స్పెక్టరు.

ఆ పేరు ఎందుకంటే, అక్క పని చేస్తున్నంతసేపూ అతను ఇనపజాలీ ఇవతల గోడకు వీపు ఆనించి యంత్రాల వరస చూస్తూ నిలబడతాడు. బయటివాళ్ళు చెవులు మూసుకునే మోత అది. అతనికి ఏమీ కాదు. పొద్దున మొదలైన మోత సాయంత్రందాకా ఒకేలా ఉంటుంది. ఉన్నట్టుండి ఆగితేనే అతనికి ప్రాణం మీదికి వస్తుంది. ఒకసారి కరెంటు పోయి యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగితే, పిడికిలితో కణతలు కొట్టుకుంటూ కిందపడ్డాడు. ఆ పూట పని నడవలేదు. అప్పటినుంచీ సూపర్‌వైజరు కోటేష్, స్విచ్చి మీద చెయ్యి వేసేముందు అతని ఎదురుగా వచ్చి నిలబడతాడు.

"ఏమయ్యా ఇన్‌స్పెక్టరూ, మిషను ఆపుతున్నా. చూడు. ఇదిగో, ఆపేశా."

ప్రకాష్ చూస్తాడు. మిషను ఆగుతుంది. ఏమీ కాదు. ఆడవాళ్ళు నవ్వుతారు: "పై అధికారి పర్మిషను ఇచ్చాడు, ఇక అన్నాలు తినండే."

దీన్ని కరుణ అని రాయడానికి వీల్లేదు. మిల్లు ఆగకూడదని చేసిన పని. బహుశా అందుకే ఇన్నేళ్ళు నిలిచింది.

కణతలు కొట్టుకోవడం మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. కుక్కర్ విజిలు, పెళ్ళి బాణసంచా, ఎన్నికల జీపు మైకు, ఏదైనా చెప్పకుండా మీద పడితే పిడికిళ్ళు లేస్తాయి. ఆ దెబ్బలు కళ్ళకు చేటని ఎవరికీ తోచలేదు. అతను గుమ్మాలకు ఎడమ భుజం గుద్దుకోవడం మొదలుపెట్టాక, పొగరనుకున్నారు. ఆ తర్వాత గుంటూరులో ఒక ట్రస్టు వాళ్ళ కంటాసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ పత్తి మార్కెట్టంత జనం. నంబర్లు పిలిచే మైకు, దాని పక్కన టీవీ, టీవీలో జోకులు. ఎవరో వెనకనుంచి వచ్చి గడ్డం పైకెత్తి కంట్లో చుక్కలు వేశారు. చుక్కలు వేస్తున్నామని చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకు తెలియదు. అందరికీ అలాగే వేస్తారు. తర్వాత జరిగింది లిడియా ఒక్క వాక్యంలో చెబుతుంది: "నలుగురు పట్టుకుని ఇంజెక్షన్ ఇచ్చి చూశారు." లైనులో ఉన్న ఒకాయన, "ఇట్టాంటోళ్ళని కంటాసుపత్రికి తెస్తారేంటి, వేరే ఆసుపత్రి ఉందిగా" అన్నాడట. ఆమె ఆ మాట కూడా అదే గొంతుతో చెబుతుంది.

చూసి డాక్టరు చెప్పింది ఇది. ఎడమకన్ను లోపల రెటీనా ఎప్పుడో ఊడిపోయింది, అది ఇక రాదు. కుడికన్నులో ఒక అంచున చిరిగింది. చిరుగు మధ్యకు పాకకముందే మత్తిచ్చి ఆపరేషను చేస్తే చూపు నిలుస్తుంది. ఈలోగా ఆ కంటి మీద దెబ్బ పడకూడదు.

ఆపరేషను రోజు ఆటో ఆసుపత్రి మలుపు తిరగ్గానే ప్రకాష్ ఆ భవనాన్ని గుర్తుపట్టాడు. పిడికిలి కుడి కణతకు లేచింది. లిడియా ఆటో వెనక్కి తిప్పించింది.

చిక్కు అదే. ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే కన్ను పోతుంది. తీసుకెళ్తే దారిలోనే పోతుంది.

ఆ ఆసుపత్రికి ఆటిజం తెలియదనడానికి లేదు. ఏప్రిల్‌లో అవగాహన దినం జరిపారు. నీలం బెలూన్లు కట్టారు, పెద్దలు మాట్లాడారు, పిల్లల్ని వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించారు. ఎండకు బెలూన్లు ఒక్కోటే పేలుతుంటే పిల్లలు చెవులు మూసుకుని బల్లల కింద దూరారు. ఫోటోల్లో పెద్దలు నవ్వుతూనే ఉన్నారు.

వెనక్కి తిరిగిన ఆటో సంగతి కనుక్కున్నది థియేటరు నర్సు ఖుర్షిదా. ఫోన్ చేసింది.

"అక్కా, ఎందుకు రాలేదు?"

"వచ్చామండీ. దిగలేదు."

"ముందు గేటు చూసి భయపడ్డాడా?"

"ఆ."

"అయితే ముందు గేటు వద్దు. మనకి వెనకొకటుంది. దుప్పట్లు ఉతికి తెచ్చే బండి వచ్చే గేటు. అట్నుంచి థియేటరుకి నేరుగా వరండా. ఊరికే ఒకసారి తీసుకురా. ఏమీ చెయ్యం. చూసి వెళ్ళిపోండి."

"డాక్టరుగారు ఒప్పుకుంటారా?"

"ఆయన్ని నేను ఒప్పిస్తాలే. నువ్వు ఆటోవాణ్ణి హారన్ కొట్టొద్దని ఒప్పించు, అది కష్టం."

తీసుకెళ్ళింది. వెనక గేటు పక్కన జనరేటరు గది ఉంది. ఆ వీధిలో కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి పగలంతా అది మోగుతూనే ఉంటుంది. ప్రకాష్ ఆటో దిగి, ఎవరూ చెప్పకుండానే ఆ గది గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. మిల్లులో నిలబడ్డట్టే. ఖుర్షిదా అతని కోసం ఒక గదిలో లైట్లు తగ్గించి, తలుపులు మూయించి, నిశ్శబ్దం సిద్ధం చేసి ఉంచింది. అతను ఆ గది వైపు చూడనుకూడా లేదు. "నా కష్టమంతా వృథా చేశాడు మీ తమ్ముడు" అని ఆమె నవ్వింది. అతనికి కావలసింది నిశ్శబ్దం కాదు, ఆగని మోత అని లిడియాకు కూడా ముందు తోచలేదు. తోచి ఉంటే చెప్పేదే.

మళ్ళీ రెండు మూడుసార్లు వెళ్ళారు. ఒకసారి వరండాలో నడిచాడు. ఒకసారి చక్రాల మంచం మీద కూర్చుని లేచాడు. మాట్లాడేది ఖుర్షిదా ఒక్కతే, ఏం చేసినా ముందు చెప్పి చేసేది. చివరికి ఏర్పాటు ఇలా కుదిరింది: గురువారం మొదటి ఆపరేషను అతనిదే. జనరేటరు గోడ దగ్గరే మత్తుమందు కలిపిన తియ్యటి నీళ్ళు గుక్కెడు తాగిస్తారు. మగత రాగానే మంచం మీద పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్తారు. పట్టుకోవడం ఉండదు.

ఆ ఆదివారం లిడియా చర్చిలో లేచి నిలబడింది.

ప్రార్థన అంశాలు చెప్పే వేళ అది. ఆ సంఘంలో జ్వరమైనా, బోరు పడకపోయినా, కొడుకు పరీక్ష అయినా లేచి చెప్పాలి. చెప్పకుండా ఆపరేషను చేయించుకోవడం అంటే సంఘాన్ని పరాయి చేయడమే. ప్రకాష్‌ను ఆమె చర్చికి తీసుకురావడం మానేసి చాలా ఏళ్ళయింది. "తీసుకురామ్మా, దేవుని మందిరంలో అందరికీ చోటుంది" అంటారు. చోటున్నమాట నిజమే. ఆ చోటు పక్కనే మనిషెత్తు స్పీకరు పెట్టె కూడా ఉంది.

"తమ్ముడికి గురువారం కంటి ఆపరేషనండీ, గుంటూరులో. ప్రార్థన చెయ్యండి."

స్త్రీల సమాజం పెద్ద జయకుమారి వెంటనే అందుకుంది. లిడియా ఇంటి పక్కిల్లే ఆమెది.

"అదేచోటా? పోయినసారి లోపలికే పోలేదుగా?"

"ఈసారి వెనక గేటు నుంచి తీసుకెళ్తారంట. పొద్దున్నే."

"మేమంతా వస్తాంలేవే."

"వద్దండీ. అంత దూరం ఎందుకు మీకు శ్రమ. ఇక్కడే చెయ్యండి."

పాస్టరు జక్రయ్యగారు తల ఊపారు. అందరూ తల ఊపారు.

ఈ దేశంలో కష్టంలో ఉన్నవాళ్ళు రావద్దంటే రమ్మనే అర్థం. కాఫీ వద్దండీ అన్న చుట్టానికి కాఫీ ఇవ్వని ఇల్లు గుంటూరు జిల్లాలో దొరకదు. జయకుమారికి గర్భసంచి ఆపరేషను అయినప్పుడు ఆమె కూడా "పనులు మానుకుని ఎందుకే రావడం" అనే అంది. వెళ్ళినవాళ్ళలో మిల్లు పని మానుకున్న లిడియా ఉంది. వెళ్ళనివాళ్ళెవరో జయకుమారికి ఇప్పటికీ గుర్తు. ఈ మర్యాద లిడియాకు తెలియనిది కాదు. అయినా మొహమాటపడేవాళ్ళు వాడే మాటలతోనే నిజంగా వద్దని చెప్పింది. మీరొచ్చి చుట్టూ చేరితే వాడు కన్ను పోగొట్టుకుంటాడు అని చెప్పాల్సింది. నిండు సంఘంలో నిలబడి, మీ ప్రార్థన నా తమ్ముడికి దెబ్బ అని అనడానికి ఆమెకు నోరు రాలేదు.

గురువారం అంతా అనుకున్నట్టే మొదలైంది. ఆటోవాడు హారన్ కొట్టలేదు. ప్రకాష్ దిగి గోడకు ఆనుకున్నాడు. ఖుర్షిదా చిన్న స్టీలు గ్లాసుతో ఎదురుగా వచ్చి ఆగింది.

"ప్రకాష్, గ్లాసు ఇస్తున్నా. తియ్యగా ఉంటుంది. ఇదిగో."

అతను తల పక్కకు తిప్పి, చూపున్న కంటితో గ్లాసును చూశాడు. చెయ్యి కొంచెం ముందుకు వచ్చింది.

గేటులోకి ట్రాలీ ఆటో వచ్చింది. రెండు హారన్లు. తెల్లచీరల ఆడవాళ్ళు ఒకరి భుజం పట్టుకుని ఒకరు దిగుతున్నారు. ముందు జయకుమారి గొంతు.

"అందుకున్నామే లిడియా! పేటలో టైరు పంచరు, చచ్చామనుకో! అయ్యగారైతే ఆటో దిగి నడిచిపోదామంటారు!"

"దేవుడు గేటు తెరిచే ఉంచాడు" అన్నారు జక్రయ్యగారు. గేటు తెరిచి ఉంచింది ఖుర్షిదా.

"అయ్యగారూ, అక్కడే ఆగండి. దగ్గరికి రావద్దు" అందామె.

"ఒక్క నిమిషమమ్మా. చెయ్యిపెట్టి ప్రార్థన చేసి వెళ్ళిపోతాం. మీ పనికి అడ్డం రాం."

ఆయన నెమ్మదస్తుడు. గొంతు కూడా పెద్దది కాదు. ప్రకాష్‌కు ఎడమవైపున నిలబడి, కళ్ళు మూసుకుని, అతని తలమీద చెయ్యి వేశారు. ఆ వైపు అతనికి కనపడదు. ఆడవాళ్ళు చుట్టూ చేరి అలవాటు ప్రకారం ఎవరి ప్రార్థన వాళ్ళు, అందరూ ఒక్కసారే, గొంతెత్తి మొదలుపెట్టారు.

గ్లాసు కిందపడింది. పిడికిలి లేచి కుడి కణత మీద పడింది. మళ్ళీ పడింది. బాధ పెరిగితే ప్రార్థన పెంచాలన్నది వాళ్ళ పద్ధతి. పెంచారు. జనరేటరు మోత వినపడకుండా పోయింది.

లిడియా తన అరచేతిని అతని కంటికీ పిడికిలికీ మధ్య పెట్టింది. దెబ్బలు చేతి మీద పడుతున్నాయి. మిల్లులో యంత్రాల మీదుగా పిలవడానికి ఆడవాళ్ళు పొట్టలోంచి తీసే గొంతు ఒకటుంది. చర్చిలో ఆ గొంతు ఎవరూ వినలేదు.

"ఆపండి!"

కొందరు ఆగారు.

"అయ్యగారూ, ఆ చెయ్యి తియ్యండి. పొండి. అందరూ బయటికి పొండి."

ఆ సంఘంలో ఆమేన్ పడేదాకా ఎవరూ మాట్లాడరు. పసిబిడ్డ బల్ల మీద నుంచి పడ్డా ఆమేన్ అయ్యాకే ఎత్తుకుంటారు. జక్రయ్యగారు కళ్ళు తెరిచి, తన చేతిని తనే చూసుకుని తీశారు. ఖుర్షిదా వాళ్ళందరినీ గేటు అవతలికి నడిపించి గడియ వేసింది.

ఇన్నాళ్ళ ఏర్పాటూ పోయింది. చివరికి మళ్ళీ పట్టుకునే ఇంజెక్షన్ ఇచ్చారు. కాళ్ళు పట్టుకున్నది లిడియా.

ఆపరేషను చాలాసేపు జరిగింది. బయట బల్ల మీద కూర్చున్న ఆమె చెయ్యి వాచింది. ఎవరో మంచుముక్క తెచ్చిచ్చారు. అది ఒళ్ళోనే కరిగి చీర తడిసింది. డాక్టరు బయటకు వచ్చాక లేచి నిలబడింది.

"కొత్తగా రక్తం చేరిందమ్మా. చిరుగు పెద్దదయింది. అతికించాం. లోపల నూనె వేశాం, అది రెటీనాను పట్టి ఉంచుతుంది. ఎంత చూపు నిలిచిందో కట్టు విప్పాక తను చెబితే తెలుస్తుంది."

"తను చెప్పడండీ."

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. "అయితే మీరే గమనించి చెప్పండి."

ఆసుపత్రి యాజమాన్యం ఆ రోజు జరిగినదాన్ని తీవ్రంగా తీసుకుంది. వెనక గేటుకు తాళం వేసి, పక్కన బోర్డు పెట్టింది: ఇక్కడ ప్రార్థనలు, భజనలు చేయరాదు. ముందు హాల్లో మైకు అలాగే ఉంది, టీవీ అలాగే ఉంది. ఈమధ్య ఒంగోలు వైపు నుంచి ఇలాంటి అమ్మాయినే తీసుకొస్తే, వాచ్‌మన్ టీకి వెళ్ళినప్పుడు ఖుర్షిదా తాళం తీసి లోపలికి నడిపించిందట. అలాంటిదాన్ని ఏర్పాటు అనరు. కానీ ఆ అమ్మాయికి పని జరిగింది.

కట్టు ఇంకా విప్పకముందే పాస్టరుగారి భార్య, జయకుమారిని వెంటబెట్టుకుని లిడియా ఇంటికి వచ్చింది. అందరూ ఆమెను అమ్మగారంటారు. అరుగు మీదే కూర్చున్నారు.

"లిడియమ్మా, నీ మీద ఎవరికీ కోపం లేదు. క్షమించేశాం."

"మంచిదండీ."

"చెయ్యి వేస్తే కొట్టుకుంటాడని మాకెవరూ చెప్పలేదు కదమ్మా. అయ్యగారు రెండు రోజులు అన్నం తినలేదు."

ఆ మాట నిజం. లిడియా తల ఊపింది.

"అయినా నువ్వేం చేస్తావులే. ఆ సాయిబుల నర్సమ్మే కదా గేటేసింది. మన ప్రార్థన వాళ్ళకి పడదు. నిన్ను ఏదో అని బెదిరించి ఉంటుంది. ఆదివారం వచ్చి సంఘంలో ఆ మాట చెప్పేసెయ్. అయిపోతుంది."

"ఒక్క ముక్కేగా, చెప్పవే" అంది జయకుమారి. "నీ సొమ్మేం పోయింది?"

నిజానికి ఏమీ పోదు. ఖుర్షిదా ఆ ఊరికి రాబోదు, ఆ మాట వినబోదు. చెబితే లిడియాకు పెళ్ళికి పిలుపుంటుంది, చావుకు మోసేవాళ్ళుంటారు, ఆమెకు జ్వరమొస్తే ప్రకాష్‌కు ఇంత అన్నం పెట్టేవాళ్ళుంటారు. మిల్లు కూలీకి సంఘమంటే అదే. మిగతాది పాటలు.

"పొమ్మంది నేనండీ" అంది లిడియా. "నేను పొమ్మన్నాకే ఆమె గేటేసింది."

"బాధలో ఉన్నావు, తెలియక..."

"తెలిసే అన్నానండీ. మళ్ళీ వచ్చినా అంటాను. ఆరోజు వద్దన్నది కూడా మొహమాటానికి కాదు. నిజంగానే వద్దన్నాను."

అమ్మగారు, నీ గుండె మెత్తబడాలని ప్రార్థిస్తామమ్మా అని లేచింది. జయకుమారి కూడా లేచింది. అప్పటినుంచీ లిడియాతో మాట్లాడటం మానేసింది.

కట్టు విప్పారు. లోపల అతుక్కునే ఉందన్నారు. ఎంత కనపడుతుందో తెలియలేదు. డాక్టరు వేళ్ళు చూపించాడు, టార్చి కదిపాడు, ప్రకాష్ గోడ వైపే చూశాడు. ఇంట్లో అతను మంచం మీదే కూర్చుంటున్నాడు. నడవడం లేదు. కనపడక నడవడం లేదా, భయపడి నడవడం లేదా అన్నది కూడా తెలియదు. దుమ్ము పడకూడదు కాబట్టి మిల్లుకు తీసుకెళ్ళకూడదు. పని మానితే తిండి లేదు. కట్టు విప్పిన రెండోరోజు లిడియా మిల్లుకు బయల్దేరుతుంటే జయకుమారి చింతపండు చాట పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. లిడియా వైపు చూడలేదు.

"కొందరికి నోరెక్కువ, ఆలోచన తక్కువ" అని గోడతో చెప్పి, గింజలు తీయడం మొదలుపెట్టింది. గుమ్మం లోపలున్న ప్రకాష్ మంచానికి కాస్త దూరంగా, అతనికి కనపడే వైపు కూర్చుంది.

రోజూ అదే. లిడియా వెళ్ళేసరికి వస్తుంది, తిరిగొచ్చేసరికి చాట ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఆదివారాలు లిడియా ఇంట్లోనే ఉంటోంది. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు.

ఒక సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అతని మంచం పక్కన కూలబడింది. పత్తి పనిచేసేవాళ్ళ తల ఎప్పుడూ నెరిసినట్టే ఉంటుంది, నూగు పట్టి. ప్రకాష్ చెయ్యి చాచాడు. ఆమె చెవి పక్కన జుట్టులోంచి దూదిపోగు ఒకటి తీశాడు. కుడికంటి దగ్గర పెట్టుకుని చూసి, దుప్పటి మీద పెట్టాడు. మళ్ళీ చెయ్యి చాచి ఇంకొకటి తీశాడు. తడుముకోలేదు. నేరుగా పోగు మీదికే వేళ్ళు వెళ్ళాయి.

డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలని ఆమెకు తోచింది. సంతోషం మాత్రం వెంటనే రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది. తర్వాత తల కొంచెం వంచింది, వెనకవైపు ఉన్నవి కూడా అతనికి అందేలా.